పన్నెండు గూళ్ల పాండా డబ్బా: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 9

డబ్బా వచ్చింది. నల్ల చెక్క, లోపల వెల్వెట్. 40 మిల్లీమీటర్ల నాణెం దాని క్యాప్సూల్‌తో (గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీతో) సహా పట్టే గూళ్లు పన్నెండు. ఆ పన్నెండూ నింపడమే నా ప్రాజెక్టు.

నింపాల్సినవి చైనా వెండి పాండాలు, అంటే పాండా బొమ్మతో చైనా వేసే వెండి నాణేలు. 1996 నుంచి 2002 వరకు వచ్చిన ఒక ట్రాయ్ ఔన్సు (సుమారు 31.1 గ్రాములు) నాణేలు. ఏళ్లు ఏడే అయినా గూళ్లు పన్నెండు కావాలి. 1996, 1997, 1998, 1999 నాణేలు ఒక్కో ఏడాదికి రెండు రకాలుగా ఉన్నాయి. ఒకదాంట్లో సంవత్సరం అంకెలు పెద్దవి, ఇంకోదాంట్లో చిన్నవి. సేకరించేవాళ్లు లార్జ్ డేట్, స్మాల్ డేట్ అంటారు. 2000లో మళ్లీ రెండు: బొమ్మ చుట్టూ ఉండే వలయం గరుకుగా, మంచు పట్టినట్టు ఉండేది ఒకటి, అద్దంలా మెరిసేది ఒకటి. 2001కి ఒక గూడు, 2002కి ఒక గూడు.

ఈ పిచ్చి పట్టించింది సింగపూర్‌లో నా పక్క సీటులో పనిచేసిన చైనీస్ సహోద్యోగి. ఉద్యోగం మారి వెళ్లిపోతూ 2013 వెండి పాండా చేతిలో పెట్టాడు. మూడు పాండాలు వాగు ఒడ్డున నీళ్లు తాగుతున్న బొమ్మ. చుట్టూ అద్దంలాంటి నేల, జంతువుల ఒంటి మీద మాత్రం గరుకు మెరుపు. ఆ రాత్రి లైటు కింద తిప్పి తిప్పి చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు.

ఫిబ్రవరి 15

కొనే ముందు చదవాలి కాబట్టి వారమంతా చదివాను. నోట్సులోంచి ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ.

బంగారు పాండా 1982లో మొదలైంది. మొదటి ఏడాది నాణేల మీద విలువ లేదు, 1983 నుంచి యువాన్లలో విలువ వేశారు. వెండి పాండా 1983లో వచ్చింది. 900 స్వచ్ఛత (వెయ్యి పాళ్లలో 900 వెండి), 27 గ్రాములు, పది వేల నాణేలే. అందరూ కొనే 999 స్వచ్ఛత ఔన్సు నాణెం 1989 నుంచి 2015 దాకా వచ్చింది. ఒకవైపు పాండా, రెండోవైపు బీజింగ్‌లోని టెంపుల్ ఆఫ్ హెవెన్. పంటలు బాగా పండాలని చక్రవర్తులు ప్రార్థన చేసిన గుండ్రటి మందిరం, మూడంతస్తుల పైకప్పు. నేను వాటిని గుడి వైపు, పాండా వైపు అనే రాసుకుంటున్నాను. సంవత్సరం గుడి వైపే ఉంటుంది.

పాండా బొమ్మ ఏటా మారుతుంది. అమెరికా ఈగిల్ లాంటి నాణేల బొమ్మ ఏళ్ల తరబడి ఒకటే. పాండా మీద జనానికి ప్రేమ రావడానికి ఈ మార్పే కారణమని నా అభిప్రాయం. 2001లో చైనా వాళ్లు బొమ్మను స్థిరంగా ఉంచేద్దామనుకున్నారు, అందుకే 2002లో కూడా వెదురు తోపులో నడిచే అదే పాండా వచ్చింది. సేకరించేవాళ్లకు నచ్చలేదు. 2003 నుంచి మళ్లీ ఏటా కొత్త బొమ్మ. ఈ చిన్న విషయం తర్వాత నాకు ఎంత పనికొచ్చిందో మార్చి నెల ఎంట్రీలో రాశాను.

పెద్ద అంకెలు, చిన్న అంకెల తేడా ఎక్కడిదంటే, పాండాలను ఒకే టంకశాల కొట్టదు. షాంఘై, షెన్యాంగ్, షెన్‌జెన్ టంకశాలలు ఈ పని చేస్తూ వచ్చాయి. ఎవరి అచ్చులు వాళ్లవి కావడంతో అంకెల కొలతలో, గుడి గీతల్లో తేడాలు వచ్చాయి. చాలా నాణేల మీద ఏ టంకశాలదో చెప్పే గుర్తు ఉండదు. అచ్చు తేడాను కంటితో పట్టుకోవడం తప్ప దారి లేదు.

ఫిబ్రవరి 22

పనిముట్లు: 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా, దాన్ని సరిచూసుకోవడానికి 50 గ్రాముల తూకపు రాయి, 10 రెట్లు చూపే భూతద్దం, మందం కొలవడానికి వెర్నియర్, బలమైన నియోడిమియం అయస్కాంతం, కుట్టుదారం, డిస్టిల్డ్ వాటర్.

నీళ్ల తూకం నేర్పింది ప్రొద్దుటూరులో కంసాలి పని చేసే మా పెద్దనాయన. ఫోనులో విషయం చెప్తే, "గీటురాయి మీద గీస్తే నిమిషంలో తేలిపోతాది గదా నాయనా" అన్నాడు.

"గీస్తే నాణెం పాడైపోతుంది పెద్దనాయనా. గీత పడితే దాని విలువే పోతుంది."

"అట్లయితే నీళ్లలో తూచు. గాల్లో బరువెంత, నీళ్లలో ఎంత పొంగిస్తాది, ఆ రెండూ చాలు."

కాటా మీద గ్లాసు నీళ్లు పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని దారంతో వేలాడదీసి పూర్తిగా ముంచాలి. అడుగు తగలకూడదు, గోడ తగలకూడదు. అప్పుడు కాటా చూపేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. గాల్లో బరువును దాంతో భాగిస్తే సాంద్రత. వెండికి 10.49 రావాలి. రాగి 8.96. ఇత్తడి ఇంకా తక్కువ.

2013 నాణెంతో మొదటి ప్రయత్నం: గాల్లో 31.11 గ్రాములు, నీళ్లలో 3.21. లెక్క వేస్తే 9.69. గుండె జారిపోయింది. ప్రేమగా ఇచ్చిన బహుమతి నకిలీనా అని పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయాను. తీరా చూస్తే నాణెం అంచు గ్లాసు అడుగును తాకుతోంది. దారం పైకి లాగి, అంటుకున్న గాలి బుడగలు తొలగించి మళ్లీ చూస్తే 2.96. అంటే 10.51. మా వంటింట్లో నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఆ వేడిలో నీటి సాంద్రత 0.996. దాంతో గుణిస్తే 10.47.

రెండు విషయాలు రాసిపెట్టుకుంటున్నాను. కాటా చివరి అంకె ఒకటి అటూఇటూ అయితే ఫలితం 0.03కు పైగా మారుతుంది. కాబట్టి మూడుసార్లు తూచి సగటు తీయాలి. తడి నాణేన్ని గుడ్డతో రుద్దకూడదు. మెత్తటి టిష్యూ మీద పెట్టి అద్దాలి, అంతే. మా ఇంట్లో పండగ ముందు వెండి సామాను విబూదితో తోమేవాళ్లు. పళ్లేలకు అది చక్కగా సరిపోతుంది. పాండా అద్దపు నేల మీద ఒక్కసారి అలా తోమితే సన్నని గీతలు పడి జన్మలో పోవు.

మార్చి 2

మొదటి కొనుగోలు. సిటీ హాల్ స్టేషన్ దగ్గర పాత షాపింగ్ కాంప్లెక్సులో నాణేల దుకాణాలున్నాయి. ఒక దుకాణంలో డెబ్బై దాటిన అంకుల్ కూర్చుంటారు. 2001 పాండా అడిగితే రెండు తీసి ముందు పెట్టారు. "చూసుకో, తొందరేం లేదు" అని ఆయన పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. ఒకటి ఎంచుకుని ఇంటికొచ్చి తూచాను. 31.13 గ్రాములు, సాంద్రత 10.46. మొదటి గూడు నిండింది.

ఆన్‌లైన్‌లో ఇంతకంటే తక్కువకే దొరికేదని స్నేహితుడు అన్నాడు. ఆ మాట విన్నందుకు కట్టిన ఫీజు కింది ఎంట్రీలో ఉంది.

మార్చి 16

2002 నాణెం ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. ఫోటోలు బాగున్నాయి, ధర మార్కెట్ కన్నా కొంచెమే తక్కువ. మరీ చవకైతే అనుమానం వచ్చేది. క్యాప్సూల్లో వచ్చింది.

తూచాను: 31.08. ఫర్వాలేదు. అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు. నాణేన్ని ఏటవాలుగా పట్టి అయస్కాంతాన్ని జార్చితే, వెండి మీద జారినట్టే నెమ్మదిగా దిగింది. ఇది కూడా పాస్. దాదాపు గూట్లో పెట్టేశాను.

ఆపింది ఒక్కటే. క్యాప్సూల్ మూత పూర్తిగా నొక్కుకోవడం లేదు. 2001 నాణెం క్యాప్సూల్ టక్కున మూసుకుంటుంది. ఇది కొంచెం ఎత్తుగా నిలబడిపోతోంది. క్యాప్సూల్ నాసిరకం అయి ఉండొచ్చని సర్దిచెప్పుకున్నాను, కానీ మనసు ఊరుకోలేదు. వెర్నియర్ పెడితే 2001 కన్నా 2002 నాణెం మందంగా ఉంది. వ్యాసం ఒకటే, బరువు ఒకటే, మందం మాత్రం ఎక్కువ!

నీళ్ల తూకం వేశాను. 3.48. మళ్లీ వేశాను, 3.48. ఇంకోసారి, 3.49. సాంద్రత 8.9.

రాగి. పైన వెండి పూత.

బరువు సరిపోవడానికి కారణం అర్థమైంది. రాగి వెండి కన్నా తేలిక కాబట్టి, చేసినవాళ్లు కావాలనే మందం పెంచి బరువు సరిచేశారు. అయస్కాంతం ఎందుకు మోసపోయిందో కూడా తెలిసింది. జారే అయస్కాంతాన్ని నిదానింపజేసేది లోహంలో పుట్టే ఎడ్డీ కరెంట్లు. విద్యుత్తు బాగా పారే లోహంలో అవి బలంగా పుడతాయి. ఆ విషయంలో వెండి మొదటిదైతే రాగి దాని వెనకే ఉంటుంది. ఇత్తడి నకిలీని ఆ పరీక్ష పట్టిస్తుంది, రాగిని పట్టించదు.

తర్వాత బొమ్మ చూడటం మొదలుపెట్టాను. ఇక్కడే 2001, 2002 ఒకే బొమ్మ కావడం కలిసొచ్చింది. నిజమైన 2001 పాండాను పక్కన పెట్టి చూసే అవకాశం వేరే ఏ ఏడాదికీ ఇంత నేరుగా దొరకదు. ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద కదలకుండా పెట్టి, ఒకే లైటు, ఒకే దూరంలో రెండింటినీ ఫోటో తీశాను. కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, పైదాన్ని ఆన్ ఆఫ్ చేస్తూ చూశాను. తేడాలు కదులుతూ కనిపించాయి.

నిజమైన దానిలో కంటి చుట్టూ నల్ల మచ్చ దగ్గర వెంట్రుకలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. నకిలీలో అవి కలిసిపోయి ముద్దగా ఉన్నాయి. నిజమైన దానిలో విలువ పక్కనుండే యువాన్ (元) అక్షరం గీతలకు అంచులు నిటారుగా తెగినట్టు ఉంటాయి. నకిలీలో సబ్బు అరిగినట్టు గుండ్రంగా తిరిగాయి. గుడి పైకప్పు పెంకుల వరసలు పైదాకా సాగలేదు, మధ్యలోనే మాసిపోయాయి. గరుకు మెరుపు కూడా తేడాగానే ఉంది. అసలు దానిలో అది బూడిద చల్లినట్టు సమంగా ఉంటే, నకిలీలో ఇసుక గింజల్లా కనిపించింది. దాని నేల అద్దంలా లేదు, స్టీలు గిన్నె అడుగులా ఉంది.

ఇవన్నీ అమ్మకం ఫోటోలోనూ ఉన్నాయి. వెతికితే కనిపించేవి. నేను బరువు, అయస్కాంతం మీద నమ్మకం పెట్టుకుని బొమ్మను చూడనే లేదు. నిజమైన నాణెం ఇంట్లో ఉండి కూడా పక్కన పెట్టి చూడలేదు. ఇకనుంచి వరస మార్చాను. ముందు బొమ్మ, తర్వాత మందం, తర్వాత నీళ్లు. బరువు ఒక్కటీ చూసి సంతోషపడటం బంద్.

మార్చి 24

అమ్మినాయనకు కొలతలన్నీ ఫోటోలతో పంపాను. నాణెం తిరిగి పంపితే డబ్బు మొత్తం ఇస్తానన్నాడు. పంపాలనిపించలేదు. పంపితే ఇంకో నెలలో వేరేవాళ్ల ఇంటికి వెళ్తుంది. చివరికి సగం డబ్బుకు ఒప్పుకున్నాడు. మిగతా సగం నేను పోగొట్టుకున్నాను, బాధగానే ఉంది. క్యాప్సూల్ మీద పర్మనెంట్ మార్కర్‌తో "నకిలీ, రాగి" అని రాసి వేరే డ్రాయరులో పెట్టాను.

ఏప్రిల్ 20

1997 నాణెం, అంకుల్ దుకాణంలో. ఇంటికి తెచ్చి చూస్తే అంకెలు చిన్నగా ఉన్నాయి. నా దగ్గర పెట్టుకున్న ఫోటోలో అంకెలు ఇంకా బారుగా ఉన్నాయి. మార్చిలో దెబ్బ తిన్నాక కంటికి అన్నీ తప్పుగానే కనిపిస్తున్నాయి. టెన్షన్ మొదలైంది. అంకుల్ దగ్గర కూడా ఇంతేనా అనుకున్నాను.

వరస ప్రకారం వెళ్లాను. బొమ్మలో వెంట్రుకలు పదునుగా ఉన్నాయి. యువాన్ అక్షరం అంచులు నిటారుగా ఉన్నాయి. మందం 2001 నాణెంతో సరిపోయింది. నీళ్లలో 2.97, సాంద్రత 10.45. నాణేన్ని నిలువు ఇరుసు మీద పక్కకు తిప్పితే పాండా, గుడి రెండూ నిటారుగానే ఉన్నాయి. పాండాలన్నీ ఇలాగే ఉండాలి. ఒకటి తలకిందులుగా ఉంటే అక్కడే అనుమానించాలి.

అంటే ఇది స్మాల్ డేట్. నా ఫోటో లార్జ్ డేట్ నాణెంది! పన్నెండు గూళ్ల పట్టిక నేనే రాసుకున్నాను, 1997కి రెండు గూళ్లు నేనే గీసుకున్నాను, తీరా నాణెం చేతికొస్తే గుర్తుపట్టలేదు.

ఈ నాణెం దగ్గర నాకో తేడా అర్థమైంది, వివరంగా రాస్తున్నాను. రకం తేడా ఒక్కచోటే ఉంటుంది, స్పష్టంగా ఉంటుంది. అంకెలు చిన్నవైనా వాటి అంచులు పెద్ద అంకెల అంచులంత పదునుగానే ఉంటాయి. వేరే అచ్చు చెక్కారు, అంతే తప్ప చెక్కిన చెయ్యి అదే స్థాయిది. నకిలీలో తేడా ఒక్కచోట ఆగదు. నాణెం అంతటా నీరసం కనిపిస్తుంది. ఇప్పుడు తేడా కనిపించగానే అడుగుతున్న మొదటి ప్రశ్న: మిగతా నాణెమంతా పదునుగా ఉందా? ఉంటే రకం కోసం పట్టిక తీస్తాను. లేకపోతే గ్లాసు, దారం తీస్తాను.

మే 11

1999 రెండూ దొరికాయి, అంకుల్ దగ్గరే. ఈ ఏడాది నాణేల్లో అంకెల సైజు కన్నా 1 అంకె ఆకారం చూడటం తేలిక. కొసలున్న 1 ఒక రకం, నున్నటి కర్రలాంటి 1 ఇంకో రకం. భూతద్దం కూడా అక్కర్లేదు.

2000 గరుకు వలయం కూడా తీసుకున్నాను. ఐదు గూళ్లు నిండాయి.

మే 18

తెలుగు స్నేహితుడొకరు కంగారుగా ఫోన్ చేశాడు. వాళ్ల అబ్బాయి కోసం కొన్న 2018 పాండా తూచితే 30 గ్రాములే ఉందట. నకిలీ అనుకుని అమ్మినవాళ్లతో గొడవకు సిద్ధమయ్యాడు. 2016 నుంచి చైనా ట్రాయ్ ఔన్సు వదిలి గ్రాముల్లోకి మారింది, వెండి పాండా 30 గ్రాములే ఉంటుందని చెప్పాను. నాణెం మీద చూడమంటే 30 గ్రాములని రాసే ఉంది. 2015 నాణేల మీద అయితే బరువు, స్వచ్ఛత అసలు వేయలేదు. ఆ ఏడాదివి చేతికొచ్చినప్పుడు కూడా కొత్తవాళ్లు ఇలాగే భయపడతారు.

జూన్ 8

వేరే చోట కొన్న 1996 పెద్ద అంకెల నాణెం మెత్తటి ప్లాస్టిక్ కవరులో వచ్చింది. నాణెం మీద పచ్చటి జిగురు. ప్లాస్టిక్‌లోని పీవీసీ విడిపోయి నాణేన్ని పట్టుకుంటే ఇలా అవుతుంది. సింగపూర్ తేమలో ఇంకా త్వరగా. బొమ్మ, మందం, నీళ్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వెండి నిజమైనదే, జబ్బు మాత్రం పట్టింది.

స్వచ్ఛమైన అసిటోన్ గాజు గిన్నెలో పోసి, కిటికీలు తెరిచి, స్టవ్ దరిదాపుల్లో లేకుండా చూసుకుని నాణేన్ని ముంచి ఉంచాను. గోళ్ల రంగు తీసే సీసా వాడకూడదు, అందులో వేరేవి కలుస్తాయి. పది నిమిషాల తర్వాత కొత్త అసిటోన్‌లో ఇంకోసారి. రుద్దలేదు. జిగురు మొత్తం పోయింది. గుడి మెట్ల దగ్గర రెండు తెల్ల చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి అసిటోన్‌కు పోవు. ఉండనిచ్చాను. డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేశాను.

జూలై 6

1998 పెద్ద అంకెల నాణెం గ్రేడింగ్ కంపెనీ (నాణేన్ని పరీక్షించి, స్థాయి రాసి సీలు వేసే కంపెనీ) ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నది చూశాను. పెట్టెలో ఉంది కాబట్టి నీళ్ల తూకం కుదరదు, మందం కొలవడం కుదరదు. మిగిలింది కన్ను, నంబరు. లేబుల్ నంబరు కంపెనీ సైటులో కొట్టాను. ఉంది, సంవత్సరం సరిపోయింది. అక్కడితో ఆగలేదు. నకిలీ పెట్టెలు చేసేవాళ్లు నిజమైన నంబరునే కాపీ కొడతారు. సైటులోని ఫోటోలో పాండా ఎడమ చెవి పైన చిన్న మచ్చ ఉంది. చేతిలో ఉన్న నాణెంలో అదే చోట అదే మచ్చ. తీసుకున్నాను. పెట్టె గూట్లో పట్టదు, పగలగొట్టాలని లేదు. ఆ గూట్లో చీటీ పెట్టాను.

ఆగస్టు 3

అంకుల్ 2002 చూపించారు. మూత టక్కున మూసుకుంది. ఆ శబ్దానికే సగం నమ్మకం కుదిరింది. 2001 నాణేన్ని జేబులో పెట్టుకునే వెళ్లాను, కౌంటరు మీదే పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన భూతద్దం తీసి చేతికిచ్చారు. ఇంటికొచ్చి తూచితే 10.48.

లెక్క: పన్నెండులో ఎనిమిది. మిగిలినవి 1996 చిన్న అంకెలు, 1997 పెద్ద అంకెలు, 1998 చిన్న అంకెలు, 2000 అద్దపు వలయం.

ఆగస్టు 21, ప్రొద్దుటూరు

సెలవుకు వస్తూ నకిలీ నాణెం మాత్రం తెచ్చాను. పెద్దనాయన క్యాప్సూల్ మీది రాత చదివి, నన్నేమీ అడక్కుండా నాణేన్ని తీసి చూపుడువేలి కొస మీద నిలబెట్టి పెన్సిల్‌తో తట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. కొట్లోని పాత వెండి రూపాయి తీసి అదీ తట్టాడు. రూపాయి మోత సాగింది. నాణెం మోత మధ్యలోనే తెగిపోయింది.

"దీన్ని గీయొచ్చునా ఇప్పుడు?" అన్నాడు.

గీయమన్నాను. ఆకురాయితో అంచు మీద రెండుసార్లు లాగాడు. వెండి పూత కింద ఎర్రగా రాగి బయటపడింది. పని నేర్చుకుంటున్న పిల్లవాణ్ణి పిలిచి, "ముందు తట్టి ఇనుకో, ఆ తర్వాత ఈ గాటు చూడు" అని వాడి చేతికిచ్చాడు. వాడు నాలుగైదుసార్లు తట్టి విన్నాడు.

"నా దగ్గరే ఉండనీ నాయనా, పిల్లోళ్లకు చూపిస్తా" అన్నాడు పెద్దనాయన. సరేనన్నాను. ఎవరూ మళ్లీ అమ్మకుండా పాండా పక్కన సుత్తి, మేకుతో రంధ్రం కొట్టి, దారం కట్టి గోడకున్న మేకుకు తగిలించాడు.